నటశిక్షణ: ఎక్కడ, ఎన్నాళ్లు?

మా బడిలో చదువుకుని ఆరేళ్ల క్రితం వెళ్లిపోయిన కుర్రాడొకడు ఒక ఆదివారం పొద్దున్న మా ఇంటికి వచ్చాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. కుర్రాడు డిగ్రీ పూర్తి చేసి ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. చేతిలో రెండు కరపత్రాలున్నాయి. ఒకటి మూడు నెలల నటనా శిక్షణది, రెండోది ఏడాదిది. "మేస్టారూ, మూడు నెల్లు సరిపోద్దా, ఏడాది ఎల్లాలా? ఏటి సెయ్యమంటారు?" అని అడిగాడు. మూడు నెలల దానికి వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టాలి. ఏడాది దానికి గాజులు చాలవు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. నాటకంలో వస్తువు గురించి, సంఘర్షణ గురించి, పాత్రల వర్గస్వభావం గురించి గంటసేపు ఉపన్యసించగలను. నటన ఎలా అబ్బుతుంది, ఎంతకాలానికి అబ్బుతుంది అని అడిగితే మాత్రం నా దగ్గర 'ప్రతిభ', 'కృషి' అనే రెండు మాటలు తప్ప మరేం లేవు. ఇది నా ఒక్కడి పేదరికం కాదనుకుంటాను. మన పత్రికల్లో నాటక సమీక్షలు చూడండి. మూడు పేజీలు ఇతివృత్తం మీద నడిచి, చివర "నటీనటులు తమ పాత్రలకు న్యాయం చేకూర్చారు" అనే ఒక్క వాక్యంతో ముగుస్తాయి. ఆ న్యాయం ఏ కోర్టులో, ఏ సాక్ష్యం మీద జరిగిందో ఎవరూ చెప్పరు. నటన గురించి మాట్లాడే భాషను మనం తయారు చేసుకోలేదు. ఆ ఖాళీని కరపత్రాలు భర్తీ చేస్తున్నాయి. ఈ వ్యాసం ఆ కుర్రాడి కోసం చదివినదీ, ఆలోచించినదీ. రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ ఇందులో పని ఉందని నా నమ్మకం; ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ ప్రశ్న విశాఖపట్నంలో పుట్టడం యాదృచ్ఛికం కాదు. ఈ ఊళ్లో నటనకు రెండు పాత బళ్లున్నాయి. మొదటిది విశ్వవిద్యాలయం. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గ్రంథాలయాధికారిగా పనిచేసిన అబ్బూరి రామకృష్ణారావు 1940లలో అక్కడ ప్రయోగాత్మక నాటకశాలను నడిపారు. రిజిస్ట్రారుగా ఉన్న కూర్మా వేణుగోపాలస్వామి అంతర కళాశాలల నాటక పోటీలకూ, ఆరుబయలు రంగస్థలానికీ ప్రాణం పోశారు. ఈనాటికీ ఆ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలకు ఒక శాఖ ఉంది. రెండో బడి ఏ కట్టడంలోనూ లేదు. 1933లో ఓడరేవు, 1941లో నౌకా నిర్మాణ కేంద్రం, ఆ తర్వాత భారీ పరిశ్రమలు, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం - ఇవి వచ్చిన కొద్దీ వాటి వెంట కార్మికుల కాలనీలు, కాలనీల వెంట నాటక సమాజాలు పుట్టాయి. షిఫ్టు దిగి, స్నానం చేసి, రిహార్సలుకు వచ్చే మనుషులు. వంగపండు ప్రసాదరావు నౌకా నిర్మాణ కేంద్రంలో కార్మికుడే. ఉత్తరాంధ్ర జానపద కళారూపాలను జననాట్యమండలి వేదిక మీదికి మోసుకొచ్చిన ఆ గొంతు 2020 ఆగస్టులో ఆగిపోయేదాకా ఆయనను జనం చూసింది కళాకారుడిగానే. అయినా ఆయన ఆటలో, పాటలో పనిచేసే చేతుల లయ ఉండేది.

మూడో బడి తర్వాత వచ్చింది. రంగస్థలం నుంచి వచ్చిన లంక సత్యానంద్ ఈ ఊళ్లో సినిమా నటనకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాక, హైదరాబాదులో ఉండి సినిమాల్లోకి రాబోయే కుర్రవాళ్లు నేర్చుకోవడానికి విశాఖ రావడం జరిగింది. పవన్ కళ్యాణ్, మహేష్‌బాబు, ప్రభాస్ ఆయన దగ్గర నేర్చుకున్నవారే. పేర్లు చూడగానే మన కుర్రాడి కళ్లు మెరిశాయి. సరిగ్గా ఇక్కడే ఒక విషయం నిదానంగా ఆలోచించాలి. పవన్ కళ్యాణ్ తొలి చిత్రం 1996లో వచ్చింది, మహేష్‌బాబు కథానాయకుడిగా తొలి చిత్రం 1999లో, ప్రభాస్‌ది 2002లో. ఒకరు చిరంజీవి తమ్ముడు, ఒకరు కృష్ణ కొడుకు, ఒకరు కృష్ణంరాజు తమ్ముడి కొడుకు. శిక్షణ ముగిశాక ఎవరు అవకాశం ఇస్తారనే ప్రశ్న ఈ ముగ్గురికీ లేదు. కెమెరా ముందు నిలబడవలసిన తేదీ దాదాపు ఖాయమైన మనిషికి నెలల్లో లెక్కించే శిక్షణ సరిపోవచ్చు. అతనికి కావలసింది బిడియం పోవడం, ఒళ్లు వంగడం, మాట తడబడకపోవడం. మిగతాది పని నేర్పుతుంది, ఎందుకంటే పని ఉంది. తేదీ లేని మనిషి అదే కొలతను తనకు పెట్టుకుంటే శిక్షణ ముగిసిన మర్నాడు ఏం చేయాలో తెలియక నిలబడిపోతాడు. ఇందులో గురువు తప్పేమీ లేదు. తప్పు మన లెక్కలో ఉంది. "ఆయన దగ్గర నేర్చుకున్నారు కాబట్టి తారలయ్యారు" అనే వాక్యంలో "కాబట్టి" అనే మాటను ఎవరు పెట్టారు? మనమే పెట్టుకున్నాం.

దీనికి ఎదురు ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి. బెంగుళూరులో బస్సు కండక్టరుగా పనిచేసిన రజనీకాంత్ మద్రాసు ఫిలిం ఇన్‌స్టిట్యూటులో చేరి నటుడయ్యాడు. చిరంజీవి 1976లో అక్కడే చేరాడు, 1978కి తెర మీద కనిపించాడు. ఆ ఇద్దరికీ వెనక కుటుంబం లేదు. అయితే ఆ సంస్థ దక్షిణభారత చలనచిత్ర వాణిజ్య మండలి ఆధ్వర్యంలో, స్టూడియోలన్నీ ఉన్న ఊళ్లోనే నడిచింది. విద్యార్థి ఎక్కడ నేర్చుకుంటున్నాడో పని కూడా అక్కడే తిరుగుతూ ఉండేది. శిక్షణాకేంద్రాన్ని ఎంచుకునేవాడు పాఠ్యప్రణాళిక కంటె ముందు ఈ సంబంధాన్ని చూడాలి: అక్కడ నేర్చుకున్నవాళ్లు మర్నాడు ఎక్కడ నటిస్తున్నారు? గోడమీద ఫోటో ఉన్నవాళ్ల సంగతి అక్కర్లేదు. నిరుడు చేరినవాళ్లలో ఫోటో లేని పదిమంది ఇప్పుడేం చేస్తున్నారని అడగాలి. మన కుర్రాడు అడిగాడు. ఒకచోట చెప్పలేదు, ఒకచోట కసురుకున్నారు. మూడోచోట ఇద్దరి ఫోను నెంబర్లు ఇచ్చారు; ఆ ఇద్దరిలో ఒకడు తను పెళ్లిళ్లలో యాంకరుగా పనిచేస్తున్నాననీ, నేర్చుకున్న గొంతు దానికి పనికొచ్చిందనీ నిజాయితీగా చెప్పాడు. ఆ మూడోచోటు మీద నాకు కొంత గౌరవం కలిగింది.

అసలు నటనలో నేర్పగలిగేది ఏమిటి? నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగుగా విడగొట్టింది. ఎం.ఏ. పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం. దాన్ని కాలపట్టికగా చదివే ఆలోచన నాకు ఇన్నాళ్లూ రాలేదు. నాలుగూ ఒకే వేగంతో రావు. ఆహార్యం, అంటే వేషం, అలంకరణ, కొద్ది వారాల్లో ఒంటబడుతుంది. ఆంగికానికి నెలలు పడతాయి. నడక, నిలబడటం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం మొదట్లో పెద్ద చిక్కు. సినిమా నటనలో కెమెరా హద్దు ఎక్కడో, ముఖం ఎంత కదపాలో, నేలమీద గుర్తు చూడకుండా గుర్తు దగ్గర ఎలా ఆగాలో - ఇదంతా చాలామంది రహస్యవిద్యలా అమ్ముతారు గాని, బుద్ధి ఉన్న మనిషికి ఇది కొన్ని వారాల పని. అన్నిటికంటె ఆలస్యంగా వచ్చేది వాచికం. అన్నిటికంటె తక్కువ నేర్పేదీ అదే.

వాచికం గురించి నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. కాలేజీ రోజుల్లో ఒక నాటకంలో నాకు కోపిష్టి తండ్రి వేషం ఇచ్చారు. నెలరోజులు రిహార్సలు. గొంతు చించుకుని అరవడమే కోపమనుకున్నాను, నేర్పేవాళ్లూ అలాగే అనుకున్నారు. ప్రదర్శనకు రెండురోజుల ముందు మాట పోయింది. డాక్టరు పదిహేను రోజులు మౌనం అన్నాడు. నా వేషం ఇంకొకడు వేశాడు. ఆ తర్వాత ఉపాధ్యాయుణ్ణి అయ్యి, గదికి అరవైమంది పిల్లలకు వినిపించేలా పాఠం చెబుతూ మరో రెండుసార్లు గొంతు పోగొట్టుకున్నాను. ఊపిరి పొట్టలోంచి తీసి, వాక్యం చివరిదాకా దాచుకుని వదలడమనేది ఒక విద్య అనీ, దానికి రోజూ సాధన ఉంటుందనీ నలభై ఏళ్లు వచ్చాక ఒక సంగీతం మాస్టారు చెబితే తెలిసింది. అరగంట చొప్పున ఆరునెలలు చేస్తే గాని నాకు తేడా కనిపించలేదు. శిక్షణాకేంద్రంలో మొదటి వారం ఏం చేయిస్తారని కుర్రాణ్ణి కనుక్కోమన్నాను. ఒక కరపత్రంలో "వాయిస్ మాడ్యులేషన్ - రెండు తరగతులు" అని ఉంది. రెండు తరగతుల్లో గొంతు మారదు. గొంతు గురించి భయం మాత్రం పట్టుకుంటుంది.

గొంతు వెనక ఇంకో సమస్య ఉంది. మన పత్రిక పాఠకులు దాని మీద తప్పక ఆలోచించాలి. శిక్షణలో చేరిన ఉత్తరాంధ్ర పిల్లలకు మొదట చెప్పేది "యాస తీసెయ్యి" అని. ఏ యాస పెట్టుకోవాలో చెప్పరు. అది పత్రికల భాషో, ఒకప్పటి కృష్ణా-గుంటూరు చదువుకున్న కుటుంబాల భాషో, ఇప్పటి టీవీ భాషో తెలియదు. యాస తీసేశాక పిల్లవాడు ఎవరి మాటా కాని మాట మాట్లాడతాడు. రెండేళ్ల తర్వాత అతనికి ఒక చిన్న వేషం వస్తే, అది శ్రీకాకుళం నుంచి వచ్చిన వాచ్‌మన్ వేషమో హాస్యపు పాలేరు వేషమో అవుతుంది. అప్పుడు దర్శకుడు "యాస పెట్టు" అంటాడు. పెట్టేది మళ్లీ సొంత యాస కాదు, సినిమా యాస. తీసేసిందీ పెట్టిందీ రెండూ ఇతరుల అవసరానికే. భాషకు వర్గస్వభావం ఉందని మనం వ్యాసాల్లో రాస్తాం. ఇక్కడ అది నెలకింత అని ఫీజు కట్టించుకుంటున్నది.

ఈ నేలమీదే దీనికి జవాబుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించి, 1909లో గురజాడ తిరగరాసిన 'కన్యాశుల్కం'లో ఏ ఇద్దరు మనుషులూ ఒకేలా మాట్లాడరు. అదంతా ఈ ప్రాంతపు మాటే. అయినా వకీలు మాట వేరు, వేశ్య మాట వేరు, ముసలి బ్రాహ్మడి మాట వేరు, ఇంగ్లీషు ముక్కలు నేర్చిన నిరుద్యోగి మాట వేరు. నటుడికి కావలసింది యాస లేకపోవడం కాదు, తన యాసతో పాటు మరో నాలుగు యాసలు వినగల చెవి. రావిశాస్త్రి కోర్టు వరండాల్లో పట్టుకున్న భాష, గణేష్ పాత్రో 'కొడుకు పుట్టాల'లో వినిపించిన భాష ఇవన్నీ నటశిక్షణకు పాఠ్యగ్రంథాలు. ఎంచుకునేటప్పుడు కుర్రాడు ఒక ప్రశ్న వేస్తే చాలు: మీరు ఏ పాఠ్యం చేయిస్తారు? పాత సినిమాల డైలాగులు అనుకరించడం తప్ప మరేం లేదంటే అది నటశిక్షణ కాదు, మిమిక్రీ. మిమిక్రీ కూడా ఒక విద్యే, కాదనను. దానికి తక్కువ రుసుముతో వేరే గురువులున్నారు.

అయితే శిక్షకులను అని ఏం లాభం? ఇరవై ఏళ్ల కుర్రాడు ఒంటరిగా సాధన చేసుకోదగిన పది నిమిషాల పాఠ్యం, ఈనాటి గాజువాక కుర్రాడి మాటలో రాసినది, మనలో ఎవరు రాశారు? పరిషత్తు పోటీల కోసం నాటికలు రాస్తున్నాం. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు నాటి నుంచి ఈ పోటీల సంస్కృతి మనకు ఎందరో నటుల్ని ఇచ్చింది. దాంతో పాటు న్యాయనిర్ణేతల బల్లకేసి చూస్తూ నటించే ఒక అలవాటు కూడా ఇచ్చింది. చివరి ఐదు నిమిషాల్లో పెద్ద ఏడుపు, పెద్ద ఉపన్యాసం ఉండాలని మనమే రాస్తున్నాం. నేర్చుకునేవాడి కోసం రాయడం లేదు.

ఏడుపు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కుర్రాడు ఒకచోట నమూనా తరగతికి వెళ్లి వచ్చాడు. అక్కడ వాళ్ల నాన్నకు కర్మాగారంలో ప్రమాదం జరిగిందనుకుని ఏడవమన్నారట. వాడు ఏడ్చాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నాన్న బి షిఫ్టు నుంచి వచ్చేదాకా వాడికి నిద్ర పట్టలేదు. ఇది స్తానిస్లావ్‌స్కీ పద్ధతి అని చెప్పారట. సగం నిజం. మాస్కో ఆర్ట్ థియేటరును 1898లో స్థాపించినవారిలో ఒకడైన స్తానిస్లావ్‌స్కీ, నలభై దాటి, పేరున్న నటుడై ఉండి, 1906 ప్రాంతంలో తన నటన యాంత్రికమైపోతున్నదని గ్రహించి ఆ 'వ్యవస్థ'ను వెతకడం మొదలుపెట్టాడు. అందులో భావస్మృతి, అంటే సొంత జీవితంలోని అనుభవాన్ని గుర్తుతెచ్చుకుని భావాన్ని రాబట్టడం, ఒక భాగం. కాని ఆయన అక్కడే ఆగలేదు. జీవితపు చివరి సంవత్సరాల్లో భావాన్ని పిలిస్తే రాదనీ, పాత్ర చేసే భౌతికమైన పనిని నిజాయితీగా చేస్తే భావం దాని వెంట వస్తుందనీ అనే మార్గానికి మళ్లాడు. 1934లో పారిస్‌లో ఆయనను కలిసిన అమెరికన్ నటి స్టెల్లా అడ్లర్ ఈ సంగతి తిరిగి వెళ్లి చెబితే, భావస్మృతినే పట్టుకున్న లీ స్ట్రాస్‌బర్గ్‌కూ ఆమెకూ తెగిపోయింది. పైగా ఆయన పుస్తకాల ప్రచురణలోనూ ఒక చిక్కు జరిగింది. మనసు సాధన గురించిన తొలి భాగం ఇంగ్లీషులో 1936లో వచ్చింది. గొంతు, ఒళ్లు, మాట సాధన గురించిన మలి భాగం 1949లో గాని రాలేదు. మధ్య పదమూడేళ్లు ఇంగ్లీషులో చదివే ప్రపంచానికి స్తానిస్లావ్‌స్కీ అంటే లోపలి సగమే. ఆ సగమే చేతులు మారి మారి, పలచబడి, గాజువాక మేడమీది గదిలో ఒక కార్మికుడి కొడుకును తండ్రి చావు ఊహించుకోమని అడిగే దాకా వచ్చింది.

నవరసాల సంగతీ అంతే. అద్దం ముందు నిలబెట్టి తొమ్మిది ముఖాలు పెట్టించడం చాలాచోట్ల రెండోరోజు పాఠం. ముఖాన్ని అలా సాధన చేయించే సంప్రదాయాలున్న మాట నిజం. 1930లో వళ్లత్తోళ్ స్థాపించిన కేరళ కళామండలంలో కథకళి విద్యార్థి కళ్లకూ కనుబొమలకూ ఏళ్ల తరబడి సాధన చేస్తాడు, తెల్లవారకముందే లేచి, నూనె మర్దనతో. ఆ సాధన లేకుండా దాని ఫలితం మాత్రం ఒక మధ్యాహ్నంలో ఇస్తామంటే వచ్చేది వెక్కిరింత ముఖాలే. బ్రెహ్ట్ 1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ అభినయాన్ని చూసి, పాత్రలో లీనం కాకుండానే పాత్రను చూపించవచ్చునని ఉత్సాహపడ్డాడు. మనవాళ్లు కొందరు దాన్ని పట్టుకుని, వీధినాటకానికి నటన అక్కర్లేదు, నిబద్ధత చాలు అంటుంటారు. మెయ్ లాన్‌ఫాంగ్ చిన్ననాటి నుంచి కఠోర శిక్షణ పొందినవాడని వాళ్లకు ఎవరైనా గుర్తుచేయాలి. సఫ్దర్ హష్మీ మీద 1989 జనవరి 1న సాహిబాబాద్‌లో దాడి జరిగినప్పుడు ఆయన బృందం ఆడుతున్నది కార్మికుల మధ్య, మైకు లేని వీధిలో. ఆ వీధిలో మాట చివరి వరసదాకా వినిపించాలంటే నిబద్ధతతో పాటు ఊపిరితిత్తులు కూడా ఉండాలి.

ఆడపిల్లల మాట వేరుగా చెప్పక తప్పదు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని బళ్లారి రాఘవ పట్టుబట్టి దాదాపు వందేళ్లు కావస్తున్నది. వేదిక వచ్చింది, భద్రత రాలేదు. ఒంటరి 'ఆడిషన్', రాత్రి తరగతి, గురువు గదిలో ప్రత్యేక పాఠం ఉన్నచోటు ఎంత పేరున్నదైనా వదిలిపెట్టాలి. పదిమందీ అంతకు మించీ పనిచేసే ఏ చోటైనా లైంగిక వేధింపుల మీద అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతున్నది. ఉందా అని అడిగితే యజమాని ముఖం ఎలా మారుతుందో చూడటం కూడా ఒక నటనా పాఠమే.

ఇక ఎన్నాళ్లు అనే ప్రశ్న. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి కుటుంబాల్లో ఈ ప్రశ్నకు అర్థమే లేదు. అక్కడ పిల్లవాడు తెర వెనక ఉయ్యాలలో పడుకుని పద్యాలు వింటాడు, నడక రాగానే ప్రహ్లాదుడో కృష్ణుడో లోహితుడో అవుతాడు. శిక్షణకూ జీవితానికీ మధ్య గీత లేదు. కాని ఆ విద్యకు వాళ్లు చెల్లించిన మూల్యం బడి, స్థిరమైన ఇల్లు, ఎప్పుడూ చాలని రాబడి. దాన్ని ఆదర్శంగా పొగిడి ఊరుకోవడం సుఖంగా ఉన్నవాళ్ల పని. ఆ నటులే తరాల అనుభవం ఉండి కూడా 1990ల మధ్యలో బి.వి. కారంత్ దగ్గర కొత్తగా నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఢిల్లీలో 1959లో ఏర్పడిన జాతీయ నాటక పాఠశాల మూడేళ్లు నేర్పుతుంది. అక్కడ సీటు దొరికితే విద్యార్థి వేతనం కూడా ఇస్తారు. అంటే దేశంలో పేరున్న శిక్షణల్లో ఒకటి నేర్చుకునేవాడికే డబ్బిస్తుంది. ఈ సంగతి మన కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. దానికి కరపత్రాలు వేసి పంచేవాళ్లు లేరు మరి.

నాకు అన్నిటికంటె దగ్గరగా తోచే ఉదాహరణ విజయనగరం అన్నదమ్ములది. జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి 1950ల నుంచి దశాబ్దాల తరబడి 'కన్యాశుల్కం' ఆడారు. రమణమూర్తి గిరీశం, సోమయాజులు రామప్పంతులు. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవులు పెట్టుకుంటూ నాటకాలాడిన సోమయాజులుకు 'శంకరాభరణం' వచ్చిన 1980 నాటికి యాభై దాటాయి. ఆ చిత్రంలో ఆయన ఊరికే కూర్చున్నా చూడబుద్ధి కావడానికి కారణమేమిటని చాలాసార్లు ఆలోచించాను. ఏళ్ల తరబడి ఒకే పాత్రను వేర్వేరు ఊళ్ల జనం ముందు ఆడినవాడికి ఎప్పుడు కదలనక్కర్లేదో తెలుస్తుంది. తరగతి గది నేర్పలేనిది ఇదొక్కటే: ఒకే మాటకు బొబ్బిలిలో నవ్విన జనం పక్క ఊళ్లో ఎందుకు నవ్వలేదో. శిక్షణ కాలాన్ని మనం నెలల్లో కొలుస్తున్నాం. ప్రదర్శనల్లో కొలవాలి. ఏడాది చదివి ఒక్క 'గ్రాడ్యుయేషన్ షో' ఆడినవాడి కంటె, మూడు నెలలు నేర్చుకుని ఒకే నాటికను ఇరవైసార్లు ఆడినవాడు ముందుంటాడని నా అంచనా. ఇందుకు నా దగ్గర రుజువులు లేవు, ఇన్నేళ్లు ప్రేక్షకుల్లో కూర్చున్న అనుభవం తప్ప.

ఎప్పుడు ఆపాలన్నది కూడా ఎంచుకోవడంలో భాగమే. శిక్షణ కొందరికి నిరుద్యోగానికి గౌరవప్రదమైన పేరవుతున్నది. ఒక కోర్సు, దాని పైన 'అడ్వాన్స్‌డ్' కోర్సు, దాని పైన డాన్సు, ఫైట్సు, గుర్రపుస్వారీ. నేర్చుకుంటున్నంతకాలం ఓడిపోయామని ఒప్పుకోనక్కర్లేదు, ఇంట్లోవాళ్లకు చెప్పుకోవడానికీ బాగుంటుంది. ఉక్కు కర్మాగారాన్ని అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయం ప్రకటించాక ఈ ఊరి కార్మికుల ఇళ్లలో పిల్లల ఉద్యోగాల మీద ఆశ ఎలా పలచబడిందో నేను తరగతి గదిలోనే చూశాను. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ ప్రాణాలిచ్చిన ఊరు ఇది. ఆ ఫ్యాక్టరీలో ఖాయమైన ఉద్యోగం దొరకదని తెలిసిన తరం వెండితెరను ఉపాధి కార్యాలయంలా చూస్తే వాళ్లను నవ్వడానికి మనకు హక్కు లేదు. కాని ఆ ఆశను వాయిదాలుగా విడగొట్టి అమ్మే వ్యాపారాన్ని వ్యాపారమనే పిలవాలి. "కోర్సు కాగానే వేషం గ్యారంటీ" అన్నచోట, రసీదు ఇవ్వనిచోట, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిస్తారో లేదో కాగితం మీద రాయనిచోట ఎన్నాళ్లనే ప్రశ్నే అనవసరం. ఒక్కరోజు కూడా ఎక్కువే.

కుర్రాడికి చివరకు నేను చెప్పింది ఇది. గాజులు తాకట్టు పెట్టవద్దు. దుకాణం పని మానవద్దు. రోజూ పొద్దున్న అరగంట గొంతు సాధన చెయ్యి, నాకు నేర్పిన మాస్టారు నీకూ నేర్పుతారు. ఒక నాటక సమాజంలో చేరు, చిన్న వేషమైనా సరే, పదిసార్లు ఆడేది చూసుకో. ఆరునెలల తర్వాత కూడా ఈ కోరిక ఇలాగే ఉంటే విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖకు వెళ్లి కనుక్కో, ఢిల్లీకి దరఖాస్తు పెట్టు. కెమెరా ముందు నిలబడటం నేర్పే తరగతి అన్నిటికంటె చివర, పని దొరికే సూచన కనిపించినప్పుడు, తక్కువ కాలానికి.

వాడు సగం విన్నాడు. గాజులు తాకట్టు పెట్టలేదు. అయితే దాచుకున్న డబ్బుతో ఒక నెల కెమెరా తరగతికి వెళ్లనే వెళ్లాడు, వద్దన్నా వినలేదు. వెళ్లొచ్చి, తన ముఖం తెరమీద మొదటిసారి చూసుకున్నాననీ, మాట్లాడేటప్పుడు ఎడమ కనుబొమ అకారణంగా లేస్తోందనీ, ఇంతవరకూ ఎవరూ తనకు ఆ సంగతి చెప్పలేదనీ అన్నాడు. నా లెక్కలో ఇది లేదు. ఆ నెల వృథా అని ఇప్పుడు అనలేను.

ప్రస్తుతం వాడు స్టీలుప్లాంటు కార్మికులు కొందరు నడుపుతున్న ఒక సమాజంలో ఉన్నాడు. నాటికలో వాడిది టీకొట్టు కుర్రాడి వేషం, పదకొండు మాటలు. రిహార్సలు ఆదివారాలు మా బడి వరండాలో పెట్టుకోవడానికి హెడ్మాస్టరు ఒప్పుకున్నారు. రచయితను నేనే. వాడి పదకొండు మాటల్లో నాలుగు వాడు తన మాటలో మార్చి చెబుతున్నాడు. రెండు నా రాతకంటె బాగున్నాయి, ప్రతిలో దిద్దుకున్నాను. మిగతా రెండింటి మీద ఇంకా తగువు నడుస్తోంది. ఊపిరి ఇంకా పైనుంచే తీస్తున్నాడు.